తుప్పు పోలేదు, బ్రేకు పడటం లేదు, బండి ఇవ్వనంటున్నాడు

విజయనగరం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. తండ్రి పేరు మీదున్న 1996 మోడల్ ప్రీమియర్ పద్మినిని బాగుచేయించుకుందామని విశాఖలో ఒక షెడ్డుకిచ్చారు. తుప్పు పట్టిన చోటల్లా రేకు కోసి కొత్త షీటు వెల్డింగ్ చెయ్యాలి. ముందు చక్రాలకు డ్రమ్ బ్రేకులు తీసి డిస్కులు పెట్టాలి. బేరం 85 వేలు, అడ్వాన్సు 60 వేలు. అంతా నోటిమాటే, కాగితం లేదు. రెండు నెలలన్న పని ఎనిమిది నెలలు సాగింది. తీరా వెళ్లి చూస్తే బిల్లు లక్షా నలభై రెండు వేలయింది. ఫ్లోరు కింద తుప్పు అలాగే ఉంది, పైన లప్పం పూసి రంగు కొట్టారు. బ్రేకు తొక్కితే పెడలు నేలకి ఆనుతోంది. మిగతా 82 వేలు కట్టేదాకా బండి కదలదని, పైగా రోజుకు 200 చొప్పున పార్కింగ్ కూడా పడుతుందని షెడ్డు ఓనరు అంటున్నాడు. ‘బండి నాది, ఆపడానికి ఆయనెవరు?’ అన్నది మొదటి ప్రశ్న. అసలు డిస్కులు పెట్టించడమే తప్పని ఆర్టీఓ ఆఫీసు దగ్గర ఏజెంటు భయపెట్టాడట. అది రెండో ప్రశ్న.

మొదటిదానికి జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఆపే హక్కు ఆయనకి ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు, తన కూలి ముట్టేదాకా ఆ వస్తువును దగ్గరుంచుకోవచ్చు. వజ్రం సానబట్టిన నగల వర్తకుడి ఉదాహరణ చట్టంలోనే ఉంది. కూలి ఇచ్చేదాకా రాయి అతని దగ్గరే ఉంటుంది. అయితే అదే సెక్షన్ కింద దర్జీ ఉదాహరణ కూడా ఉంది. కోటు కుట్టగానే ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండి అని మాటిచ్చిన దర్జీ ఆ కోటును ఆపలేడు. అంటే ముందు అనుకున్న మాట వేరుగా ఉంటే ఈ హక్కు నిలవదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ హక్కు ఊరికే రాదు. ఏ పని కోసం బండి అప్పగించారో ఆ పని చేసి ఉండాలి. తుప్పు కోసి షీటు వెయ్యమంటే లప్పం పూసినవాడు, బ్రేకు బాగుచెయ్యమంటే ఉన్న బ్రేకు పోగొట్టినవాడు ‘నా కూలి’ అని అడిగితే, ఎంత కూలి, ఏ పనికి అన్న ప్రశ్నకి ముందు జవాబు చెప్పుకోవాలి. ఆ హక్కు ఈ బండి మీద ఈ పని తాలూకు డబ్బుకే పరిమితం. మీ బావమరిది స్కూటరుకు పాత బాకీ ఉందని మీ కారు ఆపడానికి లేదు. పార్కింగ్ చార్జీ మాట ఇంకా హాస్యాస్పదం. బండి ఆపుకున్నది ఆయన సౌకర్యం కోసం, అది మీకు చేసిన సేవ కాదు. అలా కడతానని ముందు మీరు ఒప్పుకుంటే తప్ప దానికి లెక్క లేదు. ఇక బండి అమ్మేసుకుంటాను అని బెదిరిస్తే, 170వ సెక్షన్ ఆపుకోవడానికే గానీ అమ్ముకోవడానికి కాదని గట్టిగా చెప్పండి. ఆపుకున్న బండిలో ఆయన తిరిగితే 154వ సెక్షన్ కింద ఆ వాడకంలో జరిగే నష్టానికి ఆయనే బాధ్యుడు. వెళ్లినప్పుడల్లా ఓడోమీటరు ఫోటో తీసుకుంటూ ఉండండి.

బిల్లు 85 వేల నుంచి లక్షా నలభై రెండు వేలకి ఎలా పెరిగింది? షెడ్డు ఓనర్లు చెప్పే కారణంలో కొంత నిజం ఉంటుంది. తుప్పు పైకి కనబడినంతే ఉండదు. తలుపు కింద సిల్ మీద బొబ్బలాంటి పొంగు కనబడుతుంది. దాన్ని గ్రైండరుతో గీస్తే లోపల చెయ్యంత మేర రేకు పొడిపొడిగా రాలుతుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలి తిన్న బళ్లలో ఇది మరీ ఎక్కువ. కాబట్టి మొదటి అంచనా మారడం తప్పేమీ కాదు. మారిందని మీకు చెప్పకుండా, మీరు సరేనకుండా పని చేసుకుపోవడమే తప్పు. ఇక్కడ మీరు కూడా ఒకటి గుర్తుచేసుకోవాలి. మధ్యలో షెడ్డుకు వెళ్లినప్పుడు అదనపు పని జరుగుతున్నట్టు చూసి ఊరుకున్నారా? వాట్సాప్‌లో ఫోటో వస్తే బొటనవేలు గుర్తు పెట్టారా? అలాగైతే అదే ఒప్పుదల అని వాదిస్తారు. ఊరికే చెయ్యాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మీరు లాభం పొందితే పరిహారం ఇవ్వాలని అదే చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. మీరు నిజంగా లాభం పొందిన మేరకే సుమా. లప్పం కింద మిగిలిపోయిన తుప్పుతో మీకు ఒరిగిందేమీ లేదు.

ఆ లప్పాన్ని రుజువు చెయ్యడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి. కొత్త షీటు వేసినచోట టక్కున పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. వీడియోలో అయస్కాంతం జారుతున్నది, బండి నంబరు రెండూ ఒకే షాట్‌లో కనబడాలి. ఆ తర్వాత లైసెన్సున్న మోటారు సర్వేయరుతోనో, పేరున్న వర్క్‌షాపుతోనో రాతపూర్వకంగా ఒక పరిశీలన నివేదిక తీసుకోండి. కేసులో మీ మాటకంటే ఆ కాగితానికే బరువెక్కువ. షెడ్డు ఓనరుతో వాట్సాప్ సంభాషణలు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరపకండి, ఫోను మార్చినా పాతది దాచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచెయ్యాలి. వినియోగదారుల కమిషన్ సివిల్ కోర్టంత పట్టింపుగా ఉండదు గానీ జతచేస్తే పోయేదేమీ లేదు.

బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకెలు రాసిచ్చారన్నారు. సరైన బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో ఒకటిగానే చేర్చింది. జీఎస్టీ వసూలు చేస్తూ జీఎస్టీ నంబరు లేని కాగితం ఇస్తే అది ఇంకో తప్పు.

ఇక బ్రేకుల సంగతి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది మీ పని. పాత పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ము తిరిగే వేగానికే షూ ఇంకాస్త బిగుసుకుంటుంది కాబట్టి కాలితో తక్కువ బలం చాలు. డిస్కుకి ఆ సాయం ఉండదు, లైన్లో ఒత్తిడి ఎక్కువ కావాలి. వేరే కారు నుంచి తీసిన కాలిపర్లు బిగించి, మాస్టర్ సిలిండరు మాత్రం పాతదే ఉంచితే, కాలిపర్‌లోని పెద్ద పిస్టన్‌కి సరిపడా ఫ్లూయిడ్ అది పంపలేకపోవచ్చు. అప్పుడు పెడలు నేలకి వెళ్తుంది. లేదా లైన్లలో గాలి పూర్తిగా తీసి ఉండరు. రెండింటిలో ఏదైనా అది పనిలో లోపమే. చట్టం భాషలో దాన్ని సేవాలోపం అంటారు.

డిస్కులు పెట్టించడమే నేరమా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకి భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అదే సెక్షన్ ‘మార్పు’ అంటే బండి నిర్మాణంలో చేసే, దాని మూల స్వభావాన్ని మార్చే మార్పు అని వివరణ కూడా ఇచ్చింది. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే చదివింది, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు కుదరవంది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విధంగా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తుప్పు కోసి అదే ఆకారంలో షీటు వెయ్యడం మార్పు కాదు, మరమ్మతు. అరిగిన బ్రేకు షూలు, లైన్లు, సిలిండర్లు కొత్తవి వెయ్యడమూ అంతే. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. డిస్కులు వేరు. బ్రేకు రకం ఆర్‌సీలో రాసి ఉండదు, బండి మూల స్వభావమూ మారదు అని వాదించవచ్చు. నా దృష్టిలో అది బలమైన వాదనే. కానీ జయచంద్ర తీర్పు తర్వాత, ఆ వాదనను తనిఖీ రోజున మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ముందు వినిపించాల్సిన అవసరం తెచ్చుకోవడమెందుకు? పని మొదలుపెట్టకముందే ఆర్టీఓకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, ఏ భాగాలు, ఎక్కడివి అన్న వివరాలిచ్చి జవాబు తీసుకోవడం ఉత్తమం. మీ విషయంలో ఇప్పుడైనా ఆ పని చెయ్యండి, లేదంటే మంచి డ్రమ్ములు తిరిగి బిగించుకోండి. బ్రేకు లైను, మాస్టర్ సిలిండరు సరిగ్గా ఉంటే డ్రమ్ములతో ఆ బండి బాగానే ఆగుతుంది. వాటిని తీసి పారేశామని షెడ్డువాళ్లంటే నమ్మకండి. తీసిన పాత సామాను మీ ఆస్తి, తిరిగి ఇమ్మని నోటీసులో అడగండి.

బండి చేతికొస్తే సంతోషంలో నడుపుకుంటూ విజయనగరం బయల్దేరకండి. లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగీ, ప్రమాదకరమైన బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద రూ.1,500 దాకా జరిమానా. దానివల్ల ఎవరికైనా గాయమైనా, ఆస్తినష్టమైనా మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘బ్రేకు ఫెయిలైంది, నా తప్పేముంది’ అన్న మాట చాలామంది అంటారు. 1977లోనే మిను బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. ఆ లోపం పైకి కనబడనిదని, తగిన జాగ్రత్త తీసుకున్నా బయటపడేది కాదని యజమానే రుజువు చేసుకోవాలి. పెడలు నేలకి వెళ్తోందని మీరే నాకు ఉత్తరం రాశారు. రేపు ఏదైనా జరిగితే ఆ వాదన మీకు దక్కదు. టోయింగ్ బండి మాట్లాడుకోండి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు. అనుకున్న పని, ఇచ్చిన అడ్వాన్సు, కనబడిన లోపాలు, ఖర్చుల వివరాలు, పదిహేను రోజుల గడువు అందులో రాయండి. లాయరు లేకుండా మీరే రాసుకోవచ్చు. బండి అత్యవసరమైతే వివాదంలో ఉన్న సొమ్మును ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, రసీదు తీసుకుని బండి తెచ్చుకుని, ఆ తర్వాత కేసు వెయ్యవచ్చు. కట్టడం ఇష్టం లేకపోతే కేసు వేసి, తీర్పు వచ్చేలోగా బండి ఇప్పించమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. కొంత సొమ్ము కమిషన్ దగ్గర జమ చేస్తానని మీ అంతట మీరే ముందుకొస్తే ఉత్తర్వు దొరికే అవకాశం ఎక్కువ.

కేసు కోసం విశాఖ తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది, విజయనగరం జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే వింటుంది, రూ.5 లక్షల లోపు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌గానూ దాఖలు చెయ్యవచ్చు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి. కేసుకు ముందు ఒకసారి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, కొన్ని షెడ్లు ఆ ఫోనుకే దిగొస్తాయి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100. పోలీసు స్టేషనుకు వెళ్లాలన్న మీ ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు. నాసిరకం పని సివిల్ వివాదమని పంపించేస్తారు. బండిని గానీ సామాను గానీ అమ్మేశాడని తేలితే అప్పుడు సంగతి వేరు.

ఆర్‌సీ మీద రెండు ముక్కలు. 1996 బండికి పదిహేనేళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది కాబట్టి 2026లో మీ వంతు రావాలి, తేదీ చూసుకోండి. గడువుకి అరవై రోజుల ముందు నుంచీ ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి కేంద్రం 2025 ఆగస్టులో ఈ ఫీజును రూ.10,000 చేసింది, రాష్ట్ర గ్రీన్ ట్యాక్స్ వేరు. తండ్రిగారు లేరని ఉత్తరంలో ఒక మూల రాశారు. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో మీ పేరుకు మార్పించుకోండి, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం కావాలి. షెడ్డువాడు క్రీము రంగు బండికి నీలం కొట్టాడన్నారు. రంగు ఆర్‌సీలో ఉంటుంది, కాబట్టి ఆ మార్పును పద్నాలుగు రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి. తుప్పు కోతలో ఛాసిస్ నంబరున్న రేకు ఎగిరిపోలేదు కదా, వెళ్లి కళ్లారా చూడండి. చెరిగిపోయి ఉంటే ఎవరిచేతా గుద్దించవద్దు, దొంగబండి అనుమానం మీ మీదికొస్తుంది. ఆర్టీఓ అనుమతితోనే తిరిగి వేయించాలి.

ఢిల్లీలో లాగా పాత బళ్లు లాక్కుంటారేమోనన్న భయం అక్కర్లేదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బళ్ల ఆంక్షలు ఢిల్లీ ఎన్‌సీఆర్‌వి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సొంత కారుకి అలాంటి వయసు నిషేధం లేదు, తనిఖీలో నెగ్గితే చాలు. వింటేజ్ నంబరు గురించి అడిగారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం బండికి యాభై ఏళ్లు నిండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలి. మీ పద్మినికి ఆ ప్రశ్న 2046లో వస్తుంది.