జిల్లాను కాదు, సర్వే నంబరును చూడు

సౌమ్యా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్రోషర్ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివాను. మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూనే ఒక ఆవు, నాలుగు కోళ్లు, ఇంటి కూరగాయలతో బతకడానికి రంగారెడ్డి జిల్లా పనికొస్తుందా అని అడిగావు. జిల్లా పేరు చూసి జవాబు చెప్పలేం బిడ్డా. 2016లో మూడు ముక్కలయ్యాక కూడా ఈ జిల్లాకు ఒక కొసన శేరిలింగంపల్లి అద్దాల మేడలున్నాయి, ఇంకో కొసన షాబాద్ పత్తిచేలున్నాయి.

శేరిలింగంపల్లి సంగతి వెంటనే తేల్చేస్తాను: కుదరదు. 2023 ఆగస్టులో దాని పక్కనున్న కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పోయింది. అంటే గుంట రెండున్నర కోట్లు. ఆ ధర పలికే చోట గోంగూర మడికి జాగా ఎవడు మిగులుస్తాడు? ఎక్కడైనా ఖాళీ కనిపించినా, పార వేస్తే మట్టికంటే ముందు పాత బిల్డింగుల పెళ్లలు తగులుతాయి. అక్కడ డాబా మీద తోటకూర, పాలకూర పెంచుకో. స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్, ఎండాకాలంలో పైన గ్రీన్ నెట్ మరిచిపోకు.

ఇక బ్రోషర్‌లోని మొయినాబాద్ ఫామ్ ప్లాట్లు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. మొయినాబాద్ వైపు ఊళ్లతో సహా 84 ఊళ్లలో కాలనీలు, పరిశ్రమలు, పెద్ద హోటళ్లు రాకుండా ఆపింది అదే. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది, కానీ రెండు జలాశయాల నీటి నాణ్యత ఏమాత్రం దెబ్బతినకూడదన్న షరతు పెట్టి. బ్రోషర్‌లో ‘జీవో ఎత్తేశారు’ అని పెద్దక్షరాల్లో ఉంది. షరతు మాట ఎక్కడా లేదు.

ప్లాటు పది గుంటలన్నారు, అంటే 1210 గజాలు. ఇది వ్యవసాయ భూమే కాబట్టి తహసీల్దారు దగ్గర రిజిస్ట్రేషన్ చేయిస్తామంటారు. అంతమాత్రాన ఇల్లు కట్టుకునే హక్కు వచ్చినట్టు కాదు. దానికి వ్యవసాయేతర భూమిగా నాలా మార్పిడి కావాలి, అనుమతి కావాలి. బొమ్మలో గీసిన ముప్పై అడుగుల రోడ్డు ఎవరి పేరున ఉందో అడుగు. నీకు అమ్మేది హద్దులున్న ముక్కా, లేక మొత్తం భూమిలో అవిభాజ్య వాటానా అన్నదీ అడుగు. ఆ తర్వాత సర్వే నంబరు తీసుకుని, 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో చూడు. అక్కడితో ఆగకు. 1954-55 ఖాస్రా పహాణీ తీయించు. రక్షిత కౌలుదారుల 38-ఇ హక్కులు, అసైన్డ్ పట్టాలు, 22-ఎ నిషేధిత జాబితా, చెరువు శిఖం మన వైపు భూములను తరాల తరబడి వెంటాడుతున్నాయి. వానాకాలంలో చెరువు నీళ్లు నిండే శిఖం భూమి ఎండాకాలంలో చక్కటి చేనులా ఉంటుంది. అమ్మేవాడు నిన్ను తీసుకుపోయేదీ అప్పుడే.

కాగితాలు సరిపోయాయే అనుకో, నీళ్లో? మనది రాతినేల. బండ పగుళ్లలో ఉన్నవే నీళ్లు. ఒక బోరు రెండించులు పోస్తుంటే, దానికి ఇరవై గజాల్లో వేసింది దుమ్ము లేపుతుంది. కొత్త బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి కూడా ఉండాలి. వాన నీళ్లు పడతానన్నావు, మంచిదే. లెక్క మాత్రం వేసుకో. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వానకు వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద దాదాపు 74 వేల లీటర్లు పడతాయి. పది గుంటల కూరగాయలు మే నెలలో రోజుకు ఐదారు వేలు తాగుతాయి. ఏడాది వాన మొత్తం పట్టినా రెండు వారాలకే సరి. అందుకే భూమిని మే నెలలోనే చూడాలి. పక్క చేనాయన బోరు దగ్గర నిలబడి, మోటారు ఎంతసేపు ఆగకుండా పోస్తుందో చూడు. ఆయనకు అమ్ముకునే అవసరం లేదు కాబట్టి నిజం చెబుతాడు.

కోతుల సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. పొద్దున్నే మంద దిగిందంటే ఒక సొరకాయ కొరికి, నచ్చక పారేసి, ఇంకోటి కొరుకుతాయి. పాదు కింద పంటి గాట్లతో పడి ఉన్న పిందెలు చూసే ఊళ్లల్లో చాలామంది కూరగాయలు మానేసి పత్తి పెట్టుకున్నారు. కాపలాకు మనిషి కావాలి. నువ్వేమో మంగళవారం పది గంటలకు మీటింగ్‌లో ఉంటావు. ఆవూ అంతే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిండాల్సిందే. నీ షిఫ్టు దానికి పట్టదు. పాలేరును పెట్టుకుంటే మంచిదే, అప్పుడు నువ్వు జీతమిచ్చే రైతువవుతావు. అది తప్పు కాదు, కానీ నువ్వు రాసింది మాత్రం అది కాదు.

వద్దని ఒక్క మాటలో కొట్టెయ్యను. చేవెళ్ల వైపు తెలిసినవాళ్ల దగ్గర అరెకరం ఒక ఏడాది కౌలుకు తీసుకో, బోరు పోసే చేను చూసుకుని. వానాకాలం ఆకుకూరలు, టమాటా వెయ్యి. యాసంగికి ఉల్లి, కొత్తిమీర. నువ్వుండే నార్సింగి నుంచి పోయి రావడానికి వారానికి ఎన్ని గంటలు పోతున్నాయో, ఎంత డీజిలు కాలుతోందో రాసిపెట్టు. ఆవును అప్పుడే కొనకు. మే దాటాక కూడా ఇదే మాట మీద ఉంటే, ఎంత ధరైనా ఆ చుట్టుపక్కలే ఎకరం చూద్దాం, నేనూ వస్తాను.

ఈ ఆదివారం ఇంటికి రా, పహాణీలో అనుభవదారు గడి ఎలా చదవాలో చూపిస్తాను. ఆ లోపు ప్లాట్లు అమ్మేవాళ్లు ఫోన్ చేసి ఆఫర్ ఈ వారంతో అయిపోతుందన్నా, టోకెన్ అడ్వాన్సు రూపాయి కూడా పంపకు.

మీ పెద్దనాన్న