పాపికొండల రేవుల్లో దిగేటప్పుడు చేయవలసినవి, చేయకూడనివి

హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి కొత్తపేట నుంచి ఎల్బీనగర్ కూడలి దాకా రోడ్డు పక్కన సూట్‌కేసులతో, పిల్లలతో, చిరుతిళ్ల సంచులతో బస్సు కోసం చూసే కుటుంబాలు కనిపిస్తాయి. కొందరు రాజమహేంద్రవరం వెళ్లి గండిపోచమ్మ గుడి దగ్గర, మరికొందరు భద్రాచలం వెళ్లి పోచవరం రేవులో పాపికొండల బోటు ఎక్కుతారు. టిఫిను, భోజనం, బస గురించి టూరు వాళ్లు చెబుతారు. రేవులో దిగాక ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. మన కాలనీల్లో పెరిగిన పిల్లల్లో చాలామందికి నది తెలియదు. సరూర్‌నగర్ చెరువు గట్టు మీద నడవడం వేరు, పారే గోదావరి అంచున నిలబడటం వేరు. బోటు ఎక్కేటప్పుడు ఉన్న జాగ్రత్త దిగగానే సడలిపోతుంది. నా భయమంతా అక్కడే.

బయల్దేరే ముందు

నదిలో వరద ఉంటే వెళ్లకండి. కట్టిన డబ్బు పోతుందన్న ఆలోచనే పెట్టుకోకండి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగిన రోజు నదిలో పారుతున్నది అందులో సగం, అంటే సుమారు 5 లక్షల క్యూసెక్కులు. బోటులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. కాబట్టి హెచ్చరిక జారీ కాలేదన్న ఒక్క మాట చాలదు. బోట్లకు ఆ రోజు అనుమతి ఉందా అని రేవు దగ్గరి కంట్రోల్ రూములో అడగండి. ఈ ప్రయాణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. బోటులో ఎక్కేవాళ్ల పేర్లు రాసుకోకపోతే రాయమని పట్టుబట్టండి. బోటు పేరు, రేవు పేరు ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. కొండల మధ్యకు వెళ్లాక ఫోను సిగ్నలు దొరకదనే అనుకోండి.

లైఫ్ జాకెట్ విప్పకండి

కచ్చులూరు ప్రమాదంలో బతికి బయటపడినవాళ్లు చెప్పింది ఇదే: భోజనాల వేళ అని, ఉక్కగా ఉందని చాలామంది జాకెట్లు తీసేశారు. వేసుకున్నా, పట్టీలు బిగించకుండా భుజాల మీద తగిలించుకుంటే నీళ్లలో పడగానే అది తల మీదుగా జారిపోతుంది. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. పిల్లలకు పిల్లల సైజే అడగండి. లేదంటే ఆ బోటు ఎక్కకండి. కొండ మలుపు వస్తోందని అందరూ ఒకే వైపుకు పరుగెత్తకండి. పై అంతస్తులో డాన్సులప్పుడు మరీ జాగ్రత్త, బరువు ఎంత పైన ఉంటే బోటు అంత తేలిగ్గా ఒరుగుతుంది.

రేవులో దిగాక

బోటును పూర్తిగా కట్టి, దాన్ని నడిపే సరంగు దిగమని చెప్పేదాకా సీట్లోంచి లేవకండి. బోటుకూ ఒడ్డుకూ మధ్య వేసిన చెక్క మీద ఒక్కొక్కరుగా నడవండి. ఆ కొద్ది దూరంలో సెల్ఫీలు వద్దు. జాకెట్ అప్పుడే విప్పకండి. నీటి అంచు దాటి గట్టు ఎక్కాకే తీయండి, మళ్లీ నీటి వైపు వచ్చేటప్పుడు వేసుకోండి. ఈ ఒక్క అలవాటు చేసుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇసుకతిన్నె చూడగానే పిల్లలు చెప్పులు విడిచి నీళ్లలోకి పరుగెడతారు. మోకాలి లోతే కదా అని పెద్దవాళ్లూ ఊరుకుంటారు. గోదావరి ఇసుక ఏటా వరదకు చోటు మారుతుంది. నిరుడు ఎవరో దిగిన చోటు ఈ ఏడు నిలువు లోతు కావచ్చు. ప్రవాహం అడుగున కోసేసిన ఇసుక అంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెట్టగానే కూలుతుంది. పోలవరం కాఫర్ డ్యాం కట్టాక ఎగువన నీటిమట్టం కూడా పాతలా లేదు. పదేళ్ల కిందటి ఫొటో చూసి ఒడ్డును అంచనా వేయకండి. స్నానం చేయాలనుంటే బక్కెటుతో ముంచుకుని ఒడ్డున పోసుకోండి. ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట. ఈత కొలనులో నేర్చిన ఈత వడి ముందు నిలవదు.

రాళ్ల మీద నిలబడి గ్రూప్ ఫొటోలు దిగకండి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి రాళ్ల మీద నిలబడిన 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, వాళ్లతో వచ్చిన టూరు నిర్వాహకుడు, ఎగువన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నీళ్లు పెరుగుతున్నాయని గ్రహించేసరికి ఒడ్డుకు వచ్చే దారి మూసుకుపోయింది. గోదావరిలోనూ మీ నెత్తిన ఎండ కాస్తుండగానే పైన ఎక్కడో కురిసిన వాన శబరి మీదుగా వచ్చి కలవవచ్చు. నీళ్ల రంగు మారినా, చెత్తా చెదారం కొట్టుకొస్తున్నా, ఇందాక కనిపించిన రాయి మునిగినా వెంటనే గట్టు ఎక్కండి.

పేరంటాలపల్లిలో ఆశ్రమం పక్క వాగు రాళ్లు నాచు పట్టి జారుతాయి, వృద్ధులకు చెయ్యి అందించండి. ఇదంతా పాపికొండ నేషనల్ పార్కు అడవి. దారి వదిలి లోపలికి వెళ్లకండి, కోతులకు తిండి పెట్టకండి, ఎండు వెదుళ్ల దగ్గర సిగరెట్ వెలిగించకండి. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టవద్దు, గాటు పెట్టవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని బోటుకు చేర్చండి. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికే తీసుకెళ్లండి.

రేవులో వెదురు బుట్టలు, బొమ్మలు అమ్మే కొండరెడ్ల ఆడవాళ్లను అడగకుండా ఫొటోలు తీయకండి. నీళ్ల గురించి అనుమానం ఉంటే వాళ్లనే అడగండి. “అటు పోవద్దు” అంటే ఎదురు చెప్పకండి. కచ్చులూరులో బోటు మునిగినప్పుడు పడవలు వేసుకుని వచ్చి మనుషుల్ని పైకి లాగింది ఆ చుట్టుపక్కల గిరిజనులే.

మద్యం తాగి నది దగ్గరికి రాకండి. వచ్చినవాళ్లను బోటు ఎక్కనీయకండి, బంధువైనా సరే.

ఎవరైనా నీళ్లలో పడితే

వెనకాలే దూకకండి. ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన సంఘటనలు మన చెరువుల దగ్గర కూడా ఎన్నో. తాడు, చీర, వెదురు గెడ, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది విసరండి. సరంగును గట్టిగా పిలవండి. పడిన మనిషి నుంచి చూపు మళ్లించకుండా చేత్తో చూపిస్తూ నిలబడే పని ఒకరికి అప్పగించండి.

ఒడ్డుకు చేర్చాక తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. తర్వాత రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊదడం, సాయం అందేదాకా ఆపకండి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు మార్చి, వెచ్చగా కప్పండి. సిగ్నలు దొరకగానే 108కి ఫోను చేయండి. లేచి కూర్చుని మామూలుగా మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నీళ్లు మింగిన పిల్లాడికి దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. రాత్రి బస్సెక్కించి ఎల్బీనగర్‌లో దిగాక చూపిద్దామనుకోకుండా రాజమహేంద్రవరంలోనో భద్రాచలంలోనో డాక్టరుకు చూపించండి.