రౌటర్‌తో మొదటి పరిచయం

తమ్ముళ్ళూ, కొత్త సిస్కో రౌటర్‌కు మామూలుగా ఐ.పి. అడ్రస్ ఉండదు. కన్సోల్ పోర్టు ద్వారానే దాన్ని పలకరించాలి. పి.జి. ల్యాబ్‌లో మేము కేబుల్ పెట్టగానే తెర నిండా పిచ్చి గుర్తులు! పాడుచేశామేమో, డబ్బు కట్టమంటారేమోనని చెమటలు పట్టాయి. బషీరాబాద్‌లో ఇంటికి ఫోన్ చేసి ఏమని అడగాలి?

తీరా చూస్తే తప్పు వేగానిది. ఎక్కువైతే మంచిదనుకొని 115200 పెట్టాం. ఈ కేబుల్‌లో క్లాక్ సంకేతం పోదు; కాబట్టి రెండువైపులా ఒకే వేగం ముందే పెట్టుకోవాలి. సిస్కో రౌటర్లకు మామూలుగా 9600. డేటా బిట్లు 8, స్టాప్ బిట్ 1, పారిటీ, ఫ్లో కంట్రోల్ రెండూ 'నన్'.

హైపర్ టెర్మినల్ విండోస్ విస్టా నుంచే లేదు, పుట్టీ వాడండి. అందులో ఫ్లో కంట్రోల్ ఎక్సాన్/ఎక్సాఫ్ అని ఉంటుంది, మార్చాలి. కామ్ నంబరు డివైస్ మేనేజర్‌లో దొరుకుతుంది. ఎంటర్ నొక్కితే 'రౌటర్' అన్న పేరు కనబడుతుంది. మేము దాన్ని రెండుసార్లు చదువుకున్నాం.