కార్డు మంచిదే, గడువే చాలడం లేదు

ప్రశ్న: మా బోర్డులో యూ-బూట్ చిన్న ఫైళ్లను మెమరీ కార్డులో బాగానే రాస్తోంది. పెద్ద ఇమేజ్ రాయబోతే టైమవుట్ అని ఆగిపోతోంది. అదే కార్డు లైనక్స్‌లో పనిచేస్తోంది. కార్డు మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. లైనక్స్‌లో పనిచేస్తోందంటే ముందు అనుమానించాల్సింది యూ-బూట్ డ్రైవర్‌నే. కార్డు బిజీ స్థితి వదిలేదాకా ఎదురుచూసే లూప్‌ను తెరిచి చూడండి. అక్కడ ఒక పెద్ద అంకె పెట్టి, సున్నా అయ్యేదాకా ఊరికే తగ్గిస్తూ పోతున్నారా? అది కాలాన్ని కొలవడం కాదు. ప్రాసెసర్ వేగం పెంచినా, క్యాష్ ఆన్ చేసినా ఆ లెక్క ముందే అయిపోతుంది. దాన్ని తీసేసి, మిల్లీసెకన్లలో లెక్క చెప్పే గెట్_టైమర్ వాడండి.

గడువు ఎంతంటారా? ఎస్‌డీ ప్రమాణం ప్రకారం రాసేటప్పుడు ఎస్‌డీహెచ్‌సీ కార్డు 250 మిల్లీసెకన్ల దాకా, ఎస్‌డీఎక్స్‌సీ కార్డు 500 దాకా బిజీగా ఉండొచ్చు. వేల బ్లాకులు ఒకేసారి పంపితే ఇలాంటి విరామాలు మధ్యలో చాలాసార్లు రావచ్చు. అందుకే ఎంత బదిలీకైనా ఒకే స్థిర గడువు పెట్టడం తప్పని నా అభిప్రాయం. బైట్లను బట్టి లెక్కకట్టండి, కనీసం 2 సెకన్లు ఉంచండి. ఎక్కువైనా బూట్ నెమ్మదించదు. కార్డు సిద్ధం కాగానే లూప్ ముగుస్తుంది.

అయినా ఆగిపోతే కార్డు క్లాక్ తగ్గించి చూడండి. అప్పుడు పనిచేస్తే పుల్-అప్ రెసిస్టర్లు, విద్యుత్ సరఫరా పరీక్షించాలి.