ఎఫ్10 వెనక దాక్కున్న కంప్యూటర్

32,768. సీ ల్యాబ్ చేసినవాళ్లకి ఈ అంకెను ఎక్కడో చూసినట్టే ఉంటుంది. పదహారు బిట్ల సైన్డ్ ఇంటిజర్‌లో పట్టే పెద్ద సంఖ్య 32,767. దానికి ఇంకొకటి కలిపితే మైనస్‌లోకి పడిపోతుంది. మనకిది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ తన కస్టమర్లకి ఒక హెచ్చరిక పంపింది. తాను అమ్మిన కొన్ని సాస్ ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు పనిచేశాక ఆగిపోతాయనీ, తర్వాత డ్రైవూ దక్కదు, డేటా కూడా దక్కదు కాబట్టి ముందే ఫర్మ్‌వేర్ మార్చుకోమనీ దాని సారాంశం. లెక్కేస్తే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు.

రెయిడ్ ఉందిగా, భయమెందుకు అనిపిస్తుంది. రెయిడ్ 5 అయితే ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది, రెయిడ్ 6 అయితే రెండు. కానీ సర్వర్ కొన్న రోజునే డిస్కులన్నీ కలిపి పెడతాం కదా! అన్నిటి గంటలూ ఒకేలా నడుస్తాయి. పోయేటప్పుడు కూడా కలిసే పోతాయి.

ఇక్కడ తప్పు లినక్స్‌ది కాదు, మనం రాసిన కోడ్‌దీ కాదు. డిస్కు లోపలే ఉండే చిన్న ప్రోగ్రాంది. బయాస్‌కీ, నెట్‌వర్క్ కార్డుకీ, రెయిడ్ కంట్రోలర్‌కీ, చివరికి పవర్ సప్లైకి కూడా ఇలాంటి ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. సర్వర్‌లో వారంవారం ప్యాకేజీలు అప్‌డేట్ చేసేవాళ్లు కూడా వీటి జోలికి పోరు. సిలబస్‌లో లేకపోవడం ఒక కారణమని నా అభిప్రాయం.

వీటిని చూసుకోవడానికి సర్వర్‌లోనే ఒక సాధనం ఉంటుంది. హెచ్‌పీఈలో దాని పేరు ఇంటెలిజెంట్ ప్రొవిజనింగ్, డెల్‌లో లైఫ్‌సైకిల్ కంట్రోలర్. రెండిటికీ మెషీన్ ఆన్ అవుతున్నప్పుడు ఎఫ్10 నొక్కాలి. మా ల్యాబ్‌లో ఉన్నది డెల్ పవర్‌ఎడ్జ్ కాబట్టి దాని గురించే చెప్తాను.

మదర్‌బోర్డు మీద అసలు ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. డెల్ దాన్ని ఐడ్రాక్ అంటుంది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలు, అది మేలుకునే ఉంటుంది. దానికి సొంత ఐపీ అడ్రస్ ఉంటుంది. డీహెచ్‌సీపీ పెట్టకపోతే మామూలుగా 192.168.0.120. పాత మోడళ్లలో యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ కాల్విన్. ఇది లోకమంతటికీ తెలిసిన పాస్‌వర్డ్, కాబట్టి మొదటి రోజే మార్చేయాలి. ఐడ్రాక్ చేతికి వచ్చినవాడు మన ఓఎస్ పాస్‌వర్డ్ తెలియకుండానే మెషీన్‌ని ఆపగలడు, ఇంకో ఓఎస్‌తో బూట్ చేయగలడు. దీన్ని కాలేజీ వైఫైకి అందే నెట్‌వర్క్‌లో అస్సలు ఉంచకూడదు.

ఇప్పుడు అప్‌డేట్ సంగతి. లైఫ్‌సైకిల్ కంట్రోలర్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మెనూలోకి వెళ్తే ముందు ఏ భాగానికి ఏ వెర్షన్ ఉందో చూడొచ్చు. ఆ పట్టికను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. అప్‌డేట్ ఫైలును పెన్‌డ్రైవ్ నుంచి గానీ నెట్‌వర్క్ షేర్ నుంచి గానీ ఇవ్వొచ్చు. ఒక తమాషా ఏంటంటే, సర్వర్‌లో ఉబుంటు ఉన్నా సరే, దీనికి ఇవ్వాల్సింది విండోస్ కోసం చేసిన ఈఎక్స్ఈ ప్యాకేజీయే. లినక్స్ ప్యాకేజీ ఇస్తే తీసుకోదు.

నేనైతే ముందు ఐడ్రాక్‌ని, తర్వాత బయాస్‌ని, ఆ తర్వాతే రెయిడ్ కంట్రోలర్‌ని, డిస్కుల్ని ముట్టుకుంటాను. ఐడ్రాక్ అప్‌డేట్‌కి సర్వర్ ఆపక్కర్లేదు, అది తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. బయాస్‌కి మాత్రం రీబూట్ తప్పదు. మధ్యలో కరెంటు పోతే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి, యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగొద్దు. వెర్షన్ మరీ పాతదైతే నేరుగా కొత్తదానికి దూకనివ్వదు, మధ్యలో ఒకటి రెండు మెట్లు ఎక్కాలి. విడుదల నోట్స్‌లో ఆ సంగతి రాసి ఉంటుంది. అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా చేస్తే రోల్‌బ్యాక్ ఉంది. కానీ అది అంతకుముందున్న వెర్షన్ దగ్గరికే తీసుకెళ్తుంది, ఇంకా వెనక్కి కాదు.

అదే చోట రెయిడ్ కూడా అమర్చుకోవచ్చు. 2 టీబీ డిస్కులు నాలుగు ఉన్నాయనుకుందాం. రెయిడ్ 5లో 6 టీబీ వస్తుంది, రెయిడ్ 6లో గానీ రెయిడ్ 10లో గానీ 4 టీబీ. మనవాళ్లంతా 6 చూసి 5 ఎంచుకుంటారు. పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి రీబిల్డ్ చేసేటప్పుడు మిగతా మూడింటినీ మొదట్నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది, అప్పుడు ఇంకొకటి పోతే అంతా పోయినట్టే. అందుకే ప్రాజెక్టు డేటాకి నా ఓటు రెయిడ్ 6కే. ఇనీషియలైజ్ అన్న మాట కనిపిస్తే ఆగి, ఏ డిస్కు పేరు ఎంచుకున్నామో ఇంకోసారి చదవండి. అది పాత డేటాని తుడిచేస్తుంది.

ఒకటి రెండు సర్వర్లకి ఎఫ్10 చాలు. నలభై ఉంటే ఒక్కోదాని ముందు కీబోర్డు పట్టుకుని నిలబడలేం. దానికి రెడ్‌ఫిష్ ఉంది. 2015లో డీఎంటీఎఫ్ విడుదల చేసిన ప్రమాణం ఇది. హెచ్‌టీటీపీఎస్ మీద జేసన్ పంపిస్తే ఐడ్రాక్ గానీ, హెచ్‌పీఈ వాళ్ల ఐలో గానీ జవాబిస్తాయి. అంటే వెర్షన్ల పట్టిక కోసం ఫోన్‌తో ఫొటోలు తీయక్కర్లేదు, పైథాన్‌లో పది పదిహేను లైన్లు రాసి అన్ని సర్వర్లనీ ఒకేసారి అడగొచ్చు. డిస్కుల ఫర్మ్‌వేర్ వెర్షన్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.