బండి సంచిలో ఏముండాలి?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, బీబీపేట)

దూర ప్రయాణానికి బయలుదేరేవాడు సద్ది కట్టుకొని పోవాలని మన పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు దారి పొడుగునా హోటళ్లు వచ్చినవి కనుక సద్దిమూట అవసరం తగ్గింది. కాని మోటారు సైకిలు మీద తిరిగే మనబోటి వాళ్లకు మరో మూట అవసరం ఉన్నది. అదే పనిముట్ల సంచి. మన కాలేజీకి పల్లెల నుండి బండి మీద వచ్చేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎందరి బండికి ఈ సంచి ఉన్నదో, ఉన్న సంచిలో ఏమున్నదో ఒకసారి చూసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను మెకానిక్కును కాను. దెబ్బ తిని నేర్చుకొన్న పాఠం కనుక చెప్పే ధైర్యం చేస్తున్నాను.

ఆ రాత్రి జరిగింది

నిరుడు వానాకాలంలో ఒక రాత్రి మా బర్రె ఈనలేక అవస్థ పడుతున్నది. దూడ అడ్డం తిరిగిందని బాపు గుర్తుపట్టాడు. దోమకొండలో ఉండే పశువుల డాక్టరు గారికి ఫోను చేస్తే, "నా దగ్గర ఇప్పుడు బండి లేదు, వచ్చి తీసుకపోతే వస్తాను" అన్నారు. నేను మా పాత వంద సీసీ బండి తీశాను. బీబీపేట దాటి కొంత దూరం పోయానో లేదో, వాన జల్లులో బండి రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

నా దగ్గర పనిముట్లు లేవనుకోకండి. బండికి సంచి వేలాడుతూనే ఉన్నది. ట్రాక్టరు డబ్బాలో నుండి తెచ్చిన పెద్ద పానాలు, అడుగు పొడుగు స్క్రూ పానా, సుత్తె, పట్కారు, నాలుగు స్క్రూడ్రైవర్లు, పాత నట్లు, బోల్టులు అన్నీ కలిసి మూడు కిలోలు. ఫోను వెలుతురులో చూశాను. పెట్రోలు ఉన్నది. ఫ్యూజు మంచిగనే ఉన్నది. ఇక ప్లగ్గు విప్పి చూడాలి. మా బండి ప్లగ్గు ఇంజను రెక్కల నడుమ లోతుగా ఉంటుంది. గొట్టం లాంటి ప్లగ్గు పానా తప్ప మరేదీ దానికి పట్టదు. ఆ పానా మా ఇంటి కిటికీలో ఉన్నది! వారం కిందట తుడిచి అక్కడ పెట్టింది నేనే.

మా చిన్నాయన కొడుకుకు ఫోను చేసి, అతడు నిద్ర లేచి తన బండి మీద వచ్చేసరికి ముప్పావు గంట గడిచింది. డాక్టరు గారు వచ్చి బర్రెను కాపాడారు. దూడ దక్కలేదు. మర్నాడు ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మసి పట్టి తడిసి ఉన్నది. తుడిచి బిగిస్తే రెండో కిక్కుకే బండి అందుకొన్నది. అంతా పది నిమిషాల పని.

ముందే చేరితే దూడ బతికేదా అని డాక్టరు గారిని అడిగాను. "చెప్పలేం" అన్నారు. బాపు నన్ను తిట్టలేదు. సంచిని చేత్తో ఎత్తి చూసి, "బరువు బాగనే ఉన్నది గని, పనికొచ్చేది ఒక్కటి లేకపాయె బిడ్డా" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

మూడు ప్రశ్నలు

ఆ తరువాత నేను సంచి మొత్తం కొట్టంలో గుమ్మరించి, ఒక్కో వస్తువును చేత పట్టుకొని మూడు ప్రశ్నలు వేసుకొన్నాను. ఒకటి, ఇది ఏ లోపానికి పనికొస్తుంది, ఆ లోపం బండిని నిజంగా ఆపేదేనా? రెండు, ఆ లోపాన్ని రోడ్డు పక్కన, చీకట్లో, ఒంటరిగా సరిచేయవచ్చునా? మూడు, ఇదే పనిముట్టుతో ఆ పని నేను ఇంటి దగ్గర ఒక్కసారైనా చేశానా? మూడింటికీ అవునని జవాబు వస్తేనే వస్తువు సంచిలోకి పోవాలి. మూడు కిలోలలో ఈ పరీక్షకు నిలిచింది ఒక్క పట్కారు మాత్రమే!

పానాల లెక్క

పానా మీద 10, 12, 14 అని అంకెలు ఉంటాయి. అవి బోల్టు మందం అని నేను చాలాకాలం అనుకొన్నాను. కాదు. నట్టుకు ఎదురెదురుగా ఉండే రెండు ముఖాల నడుమ దూరం అది, మిల్లీమీటర్లలో. 6 మి.మీ. మందం ఉన్న బోల్టు తలకు మామూలుగా 10 పానా పడుతుంది. 8 మి.మీ. బోల్టుకు జపాను పద్ధతిలో 12, ఐరోపా పద్ధతిలో 13 పడుతుంది. అందుకే ఒకరి బండి పానాలు మరొకరి బండికి పనికిరావు.

ఈ తేడాల వెనక ఒక చరిత్ర ఉన్నది. ఒకప్పుడు ఒక్కో కర్మాగారం ఒక్కో రకం మర కోసేది. ఒకచోటి నట్టు మరోచోటి బోల్టుకు ఎక్కేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. ఆయన మర కోణం 55 డిగ్రీలు, నేటి మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్టు ఇంగ్లండు నమూనా బండి కనుక, పాత బుల్లెట్టు ఉన్నవారు అంగుళాల పానాలు దగ్గర పెట్టుకొనేవారు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ జపాను నమూనావి. వాటికి మిల్లీమీటరు పానాలే.

కనుక బజారుకు పోయి సెట్టు కొనడం కాదు, ముందు మీ బండి దగ్గర కూర్చోండి. రోడ్డు మీద విప్పవలసి వచ్చే నట్లు ఏవో చూసి, ఒక్కోదానికి పానా పెట్టి, కాగితం మీద రాసుకోండి. మా బండికి 10, 12, 14 పానాలు, రెండు చక్రాల ఇరుసు నట్లకు పట్టే పెద్ద పానాలు, ప్లగ్గుకు 16 గొట్టం పానా చాలు. మీ బండికి వేరే లెక్క రావచ్చు.

వీలున్నచోట రింగు పానా తీసుకోండి. ఫిక్సు పానా నట్టును రెండు ముఖాల మీదనే పట్టుకొంటుంది. రింగు పానా చుట్టూరా పట్టుకొంటుంది కనుక మూలలు అరగవు. స్క్రూ పానా కాస్త వదులైనా జారి నట్టును గుండ్రంగా చేస్తుంది. అట్లా అరిగిన నట్టును రోడ్డు మీద విప్పడం ఎవరి తరమూ కాదు.

మనం క్లాసులో చదివిన బలభ్రామకం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఉదాహరణకు ఒక ఇరుసు నట్టు విప్పడానికి 60 న్యూటన్ మీటర్లు కావాలనుకొందాం. 15 సెం.మీ. పానాతో 400 న్యూటన్లు, అంటే దాదాపు 40 కిలోల బరువుతో తొక్కాలి. అదే పానాకు గొట్టం తొడిగి 30 సెం.మీ. చేస్తే 20 కిలోలు చాలు. అందుకే పెద్ద పానా బదులు జానెడు ఇనుప గొట్టం ముక్క పెట్టుకొన్నాను. కాని గొట్టం విప్పడానికే వాడాలి. చిన్న బోల్టులను గొట్టంతో బిగిస్తే తెగుతాయి.

చక్రం సంగతి

దారిలో బండిని ఎక్కువగా ఆపేది పంచరే. మన పొలం బాటల్లో తుమ్మ ముళ్లకు కొదవ లేదు. ఇక్కడ ముందుగా తెలుసుకోవలసింది, మీ టైరులో ట్యూబు ఉన్నదా లేదా అని. ట్యూబులెస్ టైరైతే పని సులభం. చక్రం విప్పనక్కరలేదు. ముల్లు తీసి, ఆకురాయి లాంటి సూదితో రంధ్రం గరుకు చేసి, రబ్బరు పోగును లోపలికి దూర్చి, బయట మిగిలినది కోసేయాలి. ఆ సామానంతా ఒక చిన్న డబ్బాలో పడుతుంది.

ట్యూబు టైరైతే చక్రం విప్పాలి, రెండు టైరు పట్టీలు కావాలి. రోడ్డు మీద ప్యాచీ వేయడం కన్నా వేరే ట్యూబు వేసుకొని, పాతదాన్ని ఊళ్లో బాగు చేయించుకోవడం మేలు. కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల గుడ్డతో మెల్లగా తడిమి ముల్లు తీయాలి. లేకుంటే కొత్త ట్యూబు కూడా పోతుంది. నేను మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు పట్టీ అంచుతో కొత్త ట్యూబును నేనే పొడిచాను. అది కొట్టంలో జరిగింది కనుక నవ్వుకొన్నాం. రోడ్డు మీదనైతే ఏడుపే.

పంపు కొనేటప్పుడు మూతి చూడండి. మన మామూలు సైకిలు వాల్వు వేరు, మోటారు సైకిలు వాల్వు వేరు. ఇంట్లో ఉన్నది కదా అని సైకిలు పంపు పెట్టుకొంటే అక్కరకు రాకపోవచ్చు.

ఊళ్ల నడుమ తిరిగేటప్పుడు ట్యూబు, పట్టీలు లేకపోయినా నడుస్తుంది. నెట్టుకొంటూ పోతే ఏదో ఒక షాపు తగులుతుంది. ఎల్లారెడ్డి దాటి పోచారం అడవి వైపు పోయేటప్పుడు మాత్రం అవి లేకుండా కదలవద్దు. సంచి అనేది బండిని బట్టే కాదు, దారిని బట్టి కూడా మారాలి.

చిన్నవే, కాని ఆపేవి

క్లచ్చి కేబులు తెగేముందు చెప్పదు. కొత్త కేబులును పాతదాని పక్కనే పరిచి టేపు చుట్టి ఉంచితే, తెగిన రోజు రెండు కొసలు మార్చుకొంటే చాలు. సంచిలో చోటు కూడా మిగులుతుంది.

చైను లాకు ఒకటి పెట్టుకోవాలి. దాని క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఊడిపోయే ప్రమాదం ఉన్నది.

ప్లగ్గు ఒకటి అదనంగా ఉండాలి, డబ్బాతో సహా. బిగించేటప్పుడు మొదటి మరలు వేళ్లతోనే ఎక్కించాలి. ప్లగ్గు ఉక్కుది, ఇంజను తల అల్యూమినియంది. పానాతో వంకరగా ఎక్కిస్తే తల మరలు పోతాయి. వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది.

ఫ్యూజులు రెండు, అదే అంపియర్లవి. ఫ్యూజు పోయినచోట సిగరెట్టు కాగితం, రాగి తీగ పెట్టేవారిని చూశాను. ఫ్యూజు తాను కాలి వైర్లను కాపాడేది. దాని స్థానంలో తీగ పెడితే ఈసారి కాలేది వైర్లే.

వీటికి తోడు పట్కారు, రెండు వైపులా వాడే ఒక స్క్రూడ్రైవరు, కొంచెం వైరు, నల్ల టేపు, గరుకు కాగితం, పాత ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు, ఒక గుడ్డ, నెత్తికి కట్టుకొనే చిన్న టార్చి. టార్చి ఎందుకంటారా? ఫోను ఒక చేత్తో పట్టుకొంటే పని ఒంటి చేత్తో చేయవలసి వస్తుంది. ఆ రాత్రి నాకు తెలిసివచ్చిన మరో సంగతి ఇది.

సుత్తె ఇంట్లోనే ఉంచండి. నిజంగా అవసరమైతే రోడ్డు పక్కన రాయి ఉంటుంది.

కొత్త బళ్ల విషయం

2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్ 6 నిబంధన వచ్చిన తరువాత కొత్త బళ్లలో దాదాపుగా కార్బొరేటరు పోయి, పెట్రోలును కంప్యూటరు లెక్క ప్రకారం చిమ్మే పద్ధతి వచ్చింది. దాన్ని రోడ్డు మీద విప్పడం మన పని కాదు. అట్లాగని చేతులు కట్టుకొని కూర్చోనక్కర లేదు. పెట్రోలు ఉన్నదా, హ్యాండిలు మీది ఇంజను స్విచ్చి ఆపి ఉన్నదా, సైడు స్టాండు దిగి ఉన్నదా, ఫ్యూజు పోయిందా, బ్యాటరీ కొసలు వదులైనవా అని వరుసగా చూడాలి. ఇందులో మొదటి మూడింటికి ఏ పనిముట్టూ అక్కరలేదు.

బండి ఏదైనా, ముందుగా దాన్ని రోడ్డు మీది నుండి బాగా పక్కకు తీయాలి. కామారెడ్డి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీదనైతే ఇది మరీ ముఖ్యం. లారీ డ్రైవరుకు మనం వంగి కూర్చొన్నది కనబడదు. బండి కోసం ప్రాణం పెట్టేంత పని ఏదీ లేదు.

ఆదివారం పరీక్ష

మిత్రులారా, సంచి సిద్ధమైన తరువాత ఒక ఆదివారం ఇంటి ముందర కూర్చొని, సంచిలో ఉన్న వాటితోనే, ఇంట్లోని మరే పనిముట్టూ ముట్టకుండా, ప్లగ్గు, చక్రం, చైను లాకు ఒకసారి విప్పి బిగించండి. ఏది లేక పని ఆగిందో అది సంచిలో చేర్చండి. ఏది చేత పట్టలేదో అది తీసేయండి. ఒకవేళ నట్టు తుప్పు పట్టి రాకపోయినా, అక్కడైతే మెకానిక్కు ఉన్నాడు. స్కూటీ నడిపే అక్కచెల్లెళ్లు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఇందులో బలం కన్నా అలవాటే ముఖ్యం.

చివరగా ఒక నియమం. తీసిన పనిముట్టు తుడిచిన వెంటనే సంచిలోకే పోవాలి. కిటికీలోకి కాదు.

నా సంచిని మా ఊరి కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయించాను. పంపు, ట్యూబు కాక కిలోకు కొంచెం తక్కువ వచ్చింది. బాపు మళ్లీ చేత్తో ఎత్తి చూసి, "తేలికైంది" అని మాత్రం అన్నాడు. మా బర్రె మళ్లీ చూడి కట్టింది. ఈసారి ఏ అర్ధరాత్రి పిలుపు వచ్చినా బండి ఆగదని నేను చెప్పలేను. ఆగితే ఏం చేయాలో మాత్రం తెలుసు.