గంజాయి కేసు: కిలోల్లోనే కిటుకు

మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 1985 నాటిది. చాలామంది ఆ ఏడాది బట్టీపట్టి ఊరుకుంటారు. పరీక్షలో ప్రశ్న మాత్రం పరిమాణం మీద పడుతుంది. గంజాయి కిలో లోపైతే ‘స్వల్ప పరిమాణం’: ఏడాది వరకు కఠిన జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటిందా, ‘వాణిజ్య పరిమాణం’: 10 నుంచి 20 ఏళ్ల జైలు, బెయిలూ కష్టమే (సెక్షన్ 37). ఇంకో మెలిక: మొక్క పూత, కాయ కొసలనే చట్టం గంజాయి అంటుంది, కొసల్లేని ఉత్త ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు.

ఈ చట్టం అమలుకు కేంద్ర సంస్థ ఎన్‌సీబీ (1986). ఏపీలో 2024లో మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ వచ్చింది. 2025లో తెలంగాణ మాదకద్రవ్యాల నిరోధక బ్యూరోకూ అదే పేరు పెట్టారు. హెల్ప్‌లైన్లు: ఏపీ 1972, తెలంగాణ 1908, కేంద్ర ‘మానస్’ 1933. సంవత్సరాలనుకునేరు, ఫోన్ నంబర్లే!